అడ్డంకి ఎవరు పెట్టిండ్రు? ప్రేమ కావ్యాలు, కులం, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు

తెలుగు ప్రేమ కావ్యాలను ఇవ్వాళ పట్టుబట్టి చదువుతున్నది ఎవరు? అరుగుల మీద పురాణ కాలక్షేపం జరిగిన రోజులు పోయినయి. మేము చూసినంతలో, హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ దాకా హాస్టళ్లలో, స్టడీ హాళ్లలో కూసొని టీచరు పోస్టులకూ లెక్చరరు పోస్టులకూ తయారవుతున్న పిల్లలే వాటిని చదువుతున్నరు. వాళ్లలో చాలామంది నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం పల్లెల నుండి వచ్చిన దళిత, బహుజన పిల్లలు. మా లెక్కనే ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్లు. వరూధిని ఏ కావ్యంలోది, నలుడి ముచ్చట దమయంతికి చెప్పిన పక్షి ఏది, అమలిన శృంగారం ఎవరి సిద్ధాంతం – ఇవన్నీ వాళ్లకు ఒక్కో మార్కు. జవాబు తెలిస్తే ఉద్యోగానికి ఒక అడుగు దగ్గరైతరు. ఇందులో తప్పు పట్టేది ఏమీ లేదు.

అయితే ఆ ప్రశ్నపత్రాల్లో ఎన్నడూ రాని ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ కావ్యాలన్నీ ప్రేమకు అడ్డంకులు వస్తయని, గట్టి ప్రేమ వాటిని తట్టుకొని నిలుస్తదని చెప్తయి. బాగనే ఉన్నది. మరి ఆ అడ్డంకి ఏంది? దాన్ని ఎవరు పెట్టిండ్రు? అది ఎట్ల తొలిగింది? తొలిగినందుకు ఎవరు మూల్యం చెల్లించిండ్రు? 2022 మే 4న ఈ హాస్టళ్లకు దగ్గర్లోనే, సరూర్‌నగర్ నడిరోడ్డు మీద, నచ్చినామెను పెండ్లి చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ణి ఆమె కండ్ల ముందే చంపిండ్రు. ఆ రోడ్డు మీద నిలబడి చూస్తే ప్రబంధాల్లోని ప్రేమ మరో తీరుగ కనబడ్తది. అట్ల చూడటమే ఈ వ్యాసంలో మేము చేయదలచిన పని.

శాపం, దేవతలు, దూరం

కావ్య ప్రేమలో అడ్డంకులు ఏమేం ఉన్నయో ముందు చూద్దాం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు పనిలో ఏమరుపాటు చేసినందుకు కుబేరుడు శపించిండు. ఏడాది పాటు భార్యకు దూరంగా ఉండాలె. ఆ ఏడాదిలో ఎనిమిది నెలలు గడిచినంక, వానకాలం మొదట్లో మబ్బు చేత కబురు పంపుతడు. అడ్డంకి శాపం. దానికి గడువున్నది, మిగిలింది నాలుగు నెలలు. శ్రీనాథుడు తెలుగు చేసిన శృంగార నైషధంలో దమయంతి నలుణ్ణే కోరుకున్నది. అడ్డంకి ఏందంటే ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు కూడా ఆమెనే కోరుకున్నరు, స్వయంవరంలో నలుడి రూపంలోనే వచ్చి కూసున్నరు. చివరికి ఆమె నిశ్చయం చూసి దేవతలే తప్పుకున్నరు, వరాలు కూడా ఇచ్చి పోయిండ్రు.

ఈ రెండు కథల్లోనూ ప్రేమించుకున్నవాళ్లు ఈడుజోడు మాత్రమే గాదు, కులంజోడు కూడా. యక్షుడికి యక్షిణి, రాజుకు రాజు బిడ్డ. అడ్డంకి బయటి నుండి వచ్చింది, ఆకాశం నుండి వచ్చింది. అందుకే అది ఆకాశంలోకే పోయింది. ఊరు గానీ, కులపెద్దలు గానీ, మేనమామ గానీ, అన్నదమ్ములు గానీ అడ్డం రాలేదు. అడ్డం రావలసిన అవసరమే వాళ్లకు లేదు.

అల్లసాని పెద్దన మనుచరిత్రలో కొంచెం వేరే తీరు ఉన్నది. కాలికి పసరు పూసుకొని హిమాలయాలకు పోయిన ప్రవరుణ్ణి వరూధిని కోరుకున్నది. ప్రవరుడు నిత్యకర్మలు చెడిపోతయని ఆమెను తోసేసి ఇంటికి పోయిండు. ఇక్కడ అడ్డంకి ప్రవరుడి బ్రాహ్మణ్యమే. మరి వరూధిని వలపు ఎట్ల తీరింది? ప్రవరుడి రూపు వేసుకొని వచ్చిన గంధర్వుడితో తీరింది. అంటే బ్రాహ్మణుడి నియమం చెడలేదు, ఆమె మాత్రం మోసపోయింది. ఆమె మోసపోయిన సంగతిని మన విమర్శకులు శృంగార రసం కింద జమ చేసుకుంటూ వచ్చిండ్రు. ఆ వలపు నుండి పుట్టిన స్వరోచికి కొడుకైనవాడే స్వారోచిష మనువు. పేరుకు ప్రేమకథ, కావ్యం గమ్యం మాత్రం ఒక మనువు పుట్టుక.

పుట్టుక విప్పి చెప్పే కావ్యం

ప్రేమ గురించి చెప్పే కవిత్వంలోకి కులాన్ని ఎందుకు లాగుతరని మమ్మల్ని కొందరు పెద్దలు అడుగుతుంటరు. మేము లాగటం లేదు, కావ్యమే లాగింది. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు ఆశ్రమంలో శకుంతలను చూసిన వెంటనే ఆలోచించింది ఏమిటి? ఈమె కులపతికి వేరే వర్ణం భార్య వల్ల పుట్టి ఉంటదా, అంటే తాను పెండ్లాడటానికి పనికొస్తదా అని. తన మనసు ఆమె మీదికి పోయింది గనుక పనికొచ్చేదే అయి ఉండాలని తనకు తానే తీర్పు చెప్పుకున్నడు. తర్వాత ఆమె చెలికత్తెల ద్వారా విశ్వామిత్రుడి బిడ్డ అని తెలుసుకొని నిమ్మళపడ్డడు. ప్రేమ పుట్టిన మొదటి క్షణంలోనే కులం విచారణ జరిగింది. దుర్వాసుడి శాపం, పోయిన ఉంగరం, ఇవన్నీ ఆ విచారణ అయిపోయినంక వచ్చిన అడ్డంకులు. పిల్లలకు మనం ఉంగరం గురించి చెప్తున్నం, విచారణ గురించి చెప్పటం లేదు.

పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో సత్యవతి కథ చూడుండ్రి. ఆమె పడవ నడిపే పల్లెపిల్ల. ఒంటి నుండి చేపల వాసన వస్తదని ఆమెకు మత్స్యగంధి అని పేరు. పరాశరుడు ఆమెను కోరినప్పుడు ముందు ఆ వాసన పోగొట్టి ఆమడ దూరం పరిమళించే యోజనగంధిని చేసిండు. తర్వాత శంతనుడు ఆ పరిమళం పట్టుకునే ఆమె దగ్గరికి వచ్చిండు. ఇంకో సంగతి: ఆమె దాశరాజు కడుపున పుట్టిన బిడ్డ కాదని, ఉపరిచర వసువు అనే రాజు వీర్యాన చేప కడుపున పుట్టిందని కథ ముందుగానే విప్పి చెప్పింది. అంటే పల్లెపిల్ల రాణి కావటానికి రెండు పనులు జరగాలె. చేసే పని తాలూకు వాసన ఒంటి మీద నుండి పోవాలె, పుట్టుక మారాలె. చెప్పులు కుట్టే ఇంట్లో, తోళ్లు ఊనే ఇంట్లో పుట్టిన మాకు ఈ వాసన సంగతి ఎవరూ వివరించనక్కర లేదు. క్లాసులో మా పక్కన కూసోనివాళ్లు దాన్ని మాకు చిన్నప్పుడే చెప్పిండ్రు.

దేవయాని యయాతుల కథ ఉన్నది గదా అనవచ్చు. అక్కడ ఆమె బ్రాహ్మణ పిల్ల, అతడు క్షత్రియుడు. కింది వర్ణం మగవాడికి పై వర్ణం ఆడపిల్ల. శాస్త్రం దీన్ని ప్రతిలోమం అంటది. అందుకే యయాతి ముందు జంకిండు, ఇది తగదన్నడు. శుక్రాచార్యుడు స్వయంగా దోషం లేదని చెప్పినంకనే పెండ్లి జరిగింది. పై రెండు మెట్ల మధ్యనే ఇంత పంచాయితీ జరిగితే, మెట్లే లేని పంచములకు కావ్యంలో దారి ఎక్కడిది?

మేము చెప్పదలచింది ఇంతే: పాత కావ్యం ప్రేమను గెలిపిస్తది, కాదనం. కానీ కులం అడ్డం వచ్చిన చోట అది కులాన్ని ఓడించి ప్రేమను గెలిపించదు. ప్రేమించిన మనిషి పుట్టుకను మార్చి గెలిపిస్తది. గోడ అట్లనే ఉంటది, మనిషిని గోడకు అవతలి పక్క పుట్టినట్టు చూపిస్తది.

చిచెలం పిల్ల, బెంగాల్ రాకుమారి

ఇది సంస్కృత పండితుల రోగం మాత్రమే అనుకుంటే పొరపాటు. మన హైదరాబాదు నగరం పుట్టుక చుట్టూ అల్లుకున్న ప్రేమకథలోనూ ఇదే జరిగింది. 1580 నుండి 1612 దాకా గోల్కొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీ కవి. ఆయన యువరాజుగా ఉన్నప్పుడు మూసీ అవతల చిచెలం ఊరిలో భాగమతి అనే నాట్యకత్తెను ప్రేమించిండని, పొంగుతున్న మూసీలోకి గుర్రాన్ని దింపిండని, కొడుకు మీద రంది పెట్టుకొని తండ్రి ఇబ్రహీం వంతెన కట్టించిండని జనం చెప్పుకుంటరు. ఆ వంతెన, పురానా పూల్, 1578లో కట్టింది. అప్పటికి కులీకి పన్నెండు పదమూడేండ్లు. అందుకని హరూన్ ఖాన్ షేర్వాణీ లాంటి చరిత్రకారులు ఈ కథను ఒప్పుకోలేదు. ఆ కాలంలోనే రాసిన ఫిరిష్తా మాత్రం భాగమతి పేరు మీద నగరానికి భాగ్‌నగర్ అనే పేరు వచ్చిందని రాసిండు.

కథ నిజమా కాదా అన్న వాదంలోకి మేము పోవటం లేదు. మా దృష్టి ఇంకో దాని మీద ఉన్నది. 1609లో గోల్కొండ ఆస్థాన కవి ముల్లా వజ్‌హీ కుతుబ్ ముష్తరీ అనే దక్కనీ మస్నవీ రాసిండు. అందులో యువరాజు కలలో ఒక సుందరిని చూసి, ఆమె కోసం దేశాలు దాటి పోయి, రాక్షసులను గెలిచి ఆమెను చేరుకుంటడు. ఆ యువరాజు కులీయే. ముష్తరీ అనే ఆ నాయిక భాగమతియే అని కొందరు పండితులు భావిస్తున్నరు. అదే నిజమైతే ఒక్కటి గమనించండి: జనం నోట్లో ఆమె చిచెలం ఊరి నాట్యకత్తె, కావ్యంలో బెంగాల్ రాకుమారి. జనం కథలో అడ్డంకి మూసీ వరద, తండ్రి అభ్యంతరం. కావ్యంలో అడ్డంకి రాక్షసులు. నన్నయకు ఐదు వందల ఏండ్ల తర్వాత, ఇంకో భాషలో, ఇంకో మతం కవి చేతిలో కూడా పేదింటి పిల్ల పుట్టుక మారిపోయింది. ఎల్బీనగర్ దాటితే వచ్చే హయత్‌నగర్‌కు కులీ కూతురు హయత్ బక్షీ బేగం పేరున్నది. దిల్‌సుఖ్‌నగర్ అంటే మనసుకు సుఖమిచ్చే ఊరని వినేవాళ్లకు తోస్తది గానీ, అది ఇక్కడి భూములకు యజమానిగా ఉన్న దిల్‌సుఖ్ రాం పేరు. ఏలినవాళ్ల పేర్లు, భూమి ఉన్నవాళ్ల పేర్లు బోర్డుల మీద నిలిచినయి. చిచెలం పేరు మీద ఇక్కడ బస్ స్టాపు కూడా లేదు.

కల, సినిమా, తృణకంకణం

ఆధునిక కవిత్వం ఈ పద్ధతిని మార్చలేదా అంటే, కొంత మార్చింది. గురజాడ అప్పారావు లవణరాజు కల రాసి రాజుకూ మాలపిల్లకూ ముడిపెట్టిండు. అంతకు ముందు తెలుగులో పేరున్న కవి ఎవరూ అంత తెగువ చేయలేదు. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. కానీ ఆ పెండ్లి జరిగింది ఇంద్రజాలికుడు రప్పించిన కలలో. కథకు మూలమైన యోగవాసిష్ఠం ఉద్దేశం లోకమంతా మాయ అని చెప్పటం. గురజాడ ఆ మాయలో నుండి కులం మీద ప్రశ్న తీసిండు. అయినా కల కలగానే ఉన్నది.

1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన మాలపిల్ల సినిమా కల నుండి నేల మీదికి దిగింది. కథ చలానిది, కాంచనమాల నాయిక. బ్రాహ్మణ యువకుడు, మాలపిల్ల. సినిమా పెద్ద సంచలనం. ఇక్కడ కూడా ఒక లెక్క చూడండి. గురజాడ దగ్గర మగవాడు రాజు, సినిమాలో మగవాడు బ్రాహ్మణుడు, ఆడమనిషి రెండు చోట్లా మాల. పై కులం మగవాడు కింది కులం స్త్రీని చేసుకోవటాన్ని శాస్త్రం అనులోమం అని కొంతవరకు ఓర్చుకుంటది. కింది కులం మగవాడు పై కులం స్త్రీని చేసుకుంటే ప్రతిలోమం. బ్రాహ్మణ స్త్రీకి శూద్రుడి వల్ల పుట్టినవాడే చండాలుడని మనుస్మృతి పదో అధ్యాయం చెప్తది. అంటే అంటరానితనానికి మనువు చెప్పుకున్న పుట్టుకథే ఒక ప్రేమకు శిక్ష. మన సంస్కర్తల సానుభూతి అనులోమం దాకనే పోయి ఆగింది. మాల మగవాణ్ణి నాయకుణ్ణి చేసి అగ్రవర్ణ స్త్రీని నాయికగా పెట్టే ధైర్యం ఆనాటి కవిత్వానికి రాలేదు.

ఆ అనులోమం దళిత స్త్రీకి బతుకులో ఏ రూపంలో దక్కిందో కూడా చెప్పుకోవాలె. తెలంగాణ జిల్లాల్లో అది జోగిని రూపంలో దక్కింది. ఊరి పెద్దమనిషికి మాదిగ పిల్ల కావాలె, పెండ్లి అక్కర లేదు, పుట్టిన పిల్లలకు తండ్రి పేరు అక్కర లేదు. దీన్ని ఆపటానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో చట్టం చేయవలసి వచ్చింది. కులం దాటిన ప్రతి కలయికనూ ప్రేమ అని చప్పట్లు కొట్టేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలె. పెండ్లి, హక్కు, పిల్లల పేరు, ఇవి లేని చోట ప్రేమ గెలిచిందనటం మగవాడి లెక్క.

ఇక ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడుగా ఉన్న రాయప్రోలు సుబ్బారావు తృణకంకణం రాసిండు. చిన్ననాటి నుండి కలిసి పెరిగిన ఇద్దరిలో పిల్లను పెద్దలు వేరే వాడికిచ్చి చేసిండ్రు. వాళ్లు తర్వాత కలుసుకున్నప్పుడు వలపును స్నేహంగా మార్చుకొని గడ్డిపోచ కంకణం కట్టుకున్నరు. దీనికి అమలిన శృంగారం అని పేరు పెట్టిండ్రు. పెద్దల మాట కాదనకుండానే ప్రేమను నిలుపుకునే దారి ఇది. మరక లేని ప్రేమ అంటే ఎదిరించని ప్రేమ. నండూరి సుబ్బారావు ఎంకి పాటల్లో పల్లె మనుషులు ప్రేమించుకుంటరు, పల్లె మాటే మాట్లాడతరు. ఆ పాటలు మాకూ ఇష్టమే. కానీ ఎంకి నాయుణ్ణి పిలిచే పిలుపు చూడండి: బావ. బావ అన్న మాటలోనే మేనరికం ఉన్నది, వరస కలిసిన ప్రేమ ఉన్నది. వరస కలవని ప్రేమకు తెలుగులో పిలుపే లేదు.

అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో కులానికి ప్రాణం ఎక్కడున్నదో చూపించిండు. సొంత కులంలోనే పెండ్లి అనే కట్టడే కులం. ఆ కట్టడిని కాపాడటానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం వచ్చినయని వాదించిండు. ఇరవై ఏండ్ల తర్వాత, 1936లో, కుల నిర్మూలనలో కులాంతర వివాహమే అసలు మందు అన్నడు. అయితే శాస్త్రాల మీద నమ్మకం పోనంత కాలం జనం ఆ మందు మింగరని కూడా చెప్పిండు. 1948 ఏప్రిల్‌లో ఆయన స్వయంగా సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన డాక్టరును పెండ్లి చేసుకున్నడు. ప్రేమ కావ్యాన్ని చదవటానికి అలంకారశాస్త్రం కంటే అంబేద్కర్ పత్రమే మాకు ఎక్కువ పనికొచ్చింది. జాతుల మధ్య పెండ్లిని నిషేధించే చట్టాలు అమెరికాలో 16 రాష్ట్రాల్లో 1967 జూన్ దాకా ఉన్నయి, సుప్రీం కోర్టు కొట్టేసినంకనే పోయినయి. మన దగ్గర అట్లాంటి చట్టం రాసి పెట్టుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఊరే చట్టం.

మనవాళ్ల నోటి కథలు

రాసిన కావ్యం పుట్టుకను మార్చిన చోట, మా వాడల్లో చెప్పుకునే కథలు పుట్టుకను మార్చవు. అదే మాకు ముఖ్యం. తెలుగు పెండ్లిళ్లలో పురోహితుడు కొత్త జంటకు ఆకాశంలో అరుంధతి నక్షత్రం చూపిస్తడు. చెక్కుచెదరని దాంపత్యానికి ఆమె గుర్తు. మాదిగలు అరుంధతి మా ఆడబిడ్డ అంటరు. జాంబపురాణం చెప్పే సంప్రదాయం ఆమెను మాతంగుల ఇంటి పిల్లగానే చూస్తది. అరుంధతీయ అనే పేరు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఇప్పటికీ ఉన్నది. ఇది మావాళ్లు గొప్ప కోసం కల్పించుకున్నదని కొట్టిపారేయటానికి లేదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయమే అక్షమాల అనే అధమ జన్మ గల స్త్రీ వసిష్ఠుణ్ణి చేరి పూజ్యురాలైందని చెప్పింది. అక్షమాల అరుంధతికే ఇంకో పేరు అని సంప్రదాయం. తేడా ఎక్కడంటే, నది సముద్రంలో కలిసినట్టు స్త్రీ మగవాడి గుణంలో కలిసిపోయిందని మనువు అంటడు. మావాళ్లు కలిసిపోయిందనరు, ఇచ్చినం అంటరు. బిడ్డను ఇచ్చినవాళ్లు వియ్యపువాళ్లు. వియ్యపువాళ్లను వాకిట్లో నిలబెట్టి చెంబెడు నీళ్లు కూడా ఇవ్వకపోవటం ఏం ధర్మమని ఆ కథ అడుగుతది.

రెండో కథ ఎల్లమ్మది. రేణుక మనసు ఒక క్షణం వేరే మగవాడి మీదికి పోయిందని జమదగ్ని కొడుకును పిలిచి తల్లి తల నరకమన్నడు. పరశురాముడు నరికిండు. మహాభారతంలోనూ ఈ కథ ఉన్నది, అక్కడ అది తండ్రి మాట నిలిపిన కొడుకు కథ. ఇవ్వాళ పత్రికలు పరువు హత్య అని రాసే నేరానికి అన్ని లక్షణాలూ ఇందులో ఉన్నయి: అనుమానం, ఇంటి పెద్ద హుకుం, సొంత మనిషి చేతి కత్తి. మా దగ్గర చెప్పే కథలో ఇంకో మనిషి ఉంటది. పారిపోయిన రేణుక మాదిగ ఇంట్లో తల దాచుకుంటది. ఆశ్రయమిచ్చిన మాతంగి తల కూడా ఆ గొడ్డలికే తెగుతది. బతికించేటప్పుడు తలలు తారుమారైతయి. కావ్యాల్లో ప్రేమకు అడ్డంకి ఉంటది గానీ నెత్తురు ఉండదు. నోటి కథలో నెత్తురున్నది, నరికినవాడి పేరున్నది, ఆశ్రయమిచ్చి చచ్చినామె కులం కూడా ఉన్నది.

ఈ రెండు తోవలను కలిపినవాడు గుర్రం జాషువ. 1895లో వినుకొండలో పుట్టిండు. తల్లి మాదిగ, తండ్రి యాదవ. కులం దాటిన పెండ్లికి పుట్టిన బిడ్డ తెలుగులో మహాకవి అయిండు. 1941లో గబ్బిలం రాయటానికి ఆయన ఎంచుకున్నది మేఘసందేశం ఒరవడినే. విరహంలో ఉన్నవాడు ప్రియురాలికి మబ్బు చేత కబురు పంపే ఆ రూపాన్ని తీసుకొని, అంటరానివాడు కాశీ విశ్వనాథుడికి గబ్బిలం చేత గోడు పంపేటట్టు మార్చిండు. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం పోగలదు గనుక. యక్షుడి శాపానికి ఏడాది గడువు, ఈ మనిషి శాపానికి గడువు లేదు, ఎందుకంటే అది పుట్టుక. ప్రేమ కావ్యం రూపంలో ప్రియురాలికి చోటు లేకుండా పోవటాన్ని మేము ఒక లోటుగా చూడం. ఆకలి, అంటరానితనం తీరకుండా విరహానికి తీరిక లేదని ఆ ఖాళీ చెప్తున్నది. సంస్కృత కావ్యాన్ని చదివిన దళితుడు దాన్ని ఏం చేయాలో జాషువ చేసి చూపించిండు.

మిర్యాలగూడ, సరూర్‌నగర్

ఇప్పుడు మళ్లీ ఈ రోడ్డు మీదికి వద్దాం. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు ఎల్బీనగర్ దగ్గర కలుస్తయి. నల్లగొండ జిల్లా నుండి నగరానికి వచ్చేవాళ్లకు ఇది గడప. చదువుకు వచ్చేవాళ్లు, కూలికి వచ్చేవాళ్లు, ఊర్లో బతకలేక చెయ్యి చెయ్యి పట్టుకొని వచ్చే జంటలు, అందరూ దిగేది ఇక్కడే. పట్నంలో కులం ఎవరడుగుతరులే అన్న ధీమాతో వస్తరు. ఇల్లు కిరాయికి కావాలని తిరిగితే మొదటి రోజే తెలుస్తది. ఇంటిపేరు ఏంది, ఏ ఊరు, మాంసం తింటరా, మీవాళ్లు ఎవరు – ఈ నాలుగు ప్రశ్నలతో ఇంటివాళ్లు కులం కనుక్కుంటరు. దుష్యంతుడు మనసులో చేసిన విచారణ ఇక్కడ గేటు దగ్గర జరుగుతది.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య పక్కన ఉండగా ఒక దళిత యువకుణ్ణి నరికి చంపిండ్రు. కిరాయికి మనుషులను పెట్టింది పిల్ల తండ్రి, వైశ్యుడు. పెండ్లికి ఇద్దరు మేజర్ల ఇష్టం చాలు, కుటుంబం అనుమతి గానీ కులం అనుమతి గానీ అక్కర లేదని, అట్లాంటి జంటలకు రక్షణ కల్పించాలని సుప్రీం కోర్టు శక్తివాహిని కేసులో తీర్పు చెప్పి అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. ఆరున్నర ఏండ్ల తర్వాత, 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తండ్రి 2020లోనే ఆత్మహత్య చేసుకున్నడు.

సరూర్‌నగర్‌లో చనిపోయిన యువకుడు దళితుడు, హిందువు. భార్య ముస్లిం. చంపిండన్న నేరం మీద అరెస్టు అయినవాళ్లలో ఆమె అన్న ఉన్నడు. వెంటనే కొందరు దీన్ని మతాల కొట్లాటగా మార్చటానికి వచ్చిండ్రు. దళితుడు బతికున్నప్పుడు అతణ్ణి తమవాడనని వాళ్లకు, చచ్చినంక తమవాడు అయిండు. మిర్యాలగూడ ఇంటివాళ్లు ఏ మతం? రెండు కేసుల్లో చంపినవాళ్ల మతం వేరు, చచ్చినవాడి కులం ఒకే తీరు. పెండ్లి కట్టడి మతం మారినా మారదని వజ్‌హీ మస్నవీ దగ్గర మేము అన్నది ఇందుకే. ఇంకో సంగతి. ఆ రాత్రి రోడ్డు మీద భర్తను కాపాడమని ఆమె అందరినీ బతిమాలుకున్నది. చాలామంది చూస్తూ నిలబడ్డరు. కావ్యంలో దేవతలైనా దమయంతి నిశ్చయం చూసి తప్పుకున్నరు.

ఈ రెండు పెండ్లిళ్లు ప్రతిలోమం లెక్కలోకి వచ్చేవే. కవిత్వం చోటివ్వని జత ఇదే, కత్తి వెతుక్కుంటూ వచ్చే జత కూడా ఇదే. ఇది కాకతాళీయమని మేము అనుకోవటం లేదు. కావ్యం కత్తి పట్టలేదు, నిజమే. కానీ ఏ ప్రేమ అందమైనదో, ఏ ప్రేమ ఊహకు కూడా అందనిదో వెయ్యేండ్లుగా నేర్పింది కావ్యమే. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర పెండ్లిళ్లు ఐదు శాతం దగ్గరనే తేలినయి. చట్టం కూడా జంటను గడువులోనే పెట్టింది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెండ్లి చేసుకోవాలంటే నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలె. ఆ నోటీసు రిజిస్ట్రారు ఆఫీసులో అందరికీ కనబడేటట్టు పెడ్తరు. యక్షుడి ఏడాది విరహం మీద వ్యాఖ్యానాలు ఎన్నో వచ్చినయి. ఈ 30 రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని బతికే జంట మీద ఒక్క కావ్యం రాలేదు.

పాఠం ఎట్ల చెప్పాలె

ఇదంతా చెప్పి ఈ కావ్యాలను చదవొద్దని మేము అనటం లేదు. చదవకపోతే ఉద్యోగం రాదు, అది ఒకటి. రెండోది, వాటిలో మనకు పనికొచ్చేది ఉన్నది. నన్నయ శకుంతల నిండు సభలో రాజు ముందు నిలబడి తన హక్కు కోసం వాదించింది. దమయంతి దేవతలను కాదన్నది. ఆ గట్టిదనం మన ఆడపిల్లలకు దక్కాలె. జాషువ మేఘసందేశాన్ని కాల్చలేదు, తిరగరాసిండు.

టీచర్లకు మా విజ్ఞప్తి ఇది. ప్రేమ కావ్యం ఏదైనా పాఠం చెప్పేటప్పుడు రసం, అలంకారం చెప్పినంక ఇంకో నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాయండి. అడ్డంకి ఎవరు పెట్టిండ్రు? కులం సంగతి ఎక్కడ తేల్చుకున్నరు? ఎవరి పుట్టుక మారింది? ఎవరు నష్టపోయిండ్రు? మనుచరిత్ర పక్కన గబ్బిలం పెట్టండి, ఎంకి పాటల పక్కన గోగు శ్యామల తెచ్చిన నల్లపొద్దు సంకలనం పెట్టండి. విద్యార్థులకు ఇంకో పని ఉన్నది. సరూర్‌నగర్, ఎల్బీనగర్ బస్తీల్లో కులం దాటి పెండ్లి చేసుకొని ముప్పై నలభై ఏండ్లుగా కలిసి బతుకుతున్న ముసలి జంటలు ఉన్నరు. ఊరు వదిలి వచ్చి, పేరు దాచుకొని, పిల్లలను చదివించుకున్నరు. అడ్డంకులను తట్టుకొని నిలిచిన ప్రేమకు వాళ్ల కంటే పెద్ద సాక్ష్యం లేదు. వాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్లకు ముప్పు రాకుండా పేర్లు మార్చి, వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. వాళ్లు పోయినంక ఆ చరిత్ర ఏ గ్రంథాలయంలోనూ దొరకదు.

పెండ్లిలో అరుంధతిని చూపించే ఆచారం ఇంకా చాలాకాలం ఉంటది. చూపించేవాళ్లను చూపించనీయండి. పక్కన నిలబడ్డ మన పిల్లలకు మాత్రం ఆమె పుట్టిల్లు ఏ వాడలో ఉన్నదో చెప్పండి.